వాన పేరున ఒక సేరు

బసమ్మకు పగటి నిద్రలో వాన వినబడడం కొత్త కాదు. డెబ్బై దాటిన మనిషి, చెవి కాస్త మందం. అయినా కన్ను మూతపడితే చాలు, రేకుల మీద ముందు నాలుగు చినుకులు, ఆ తర్వాత దడదడా, ఆ తర్వాత దూరంగా ఎర్రవంక పొంగిన హోరు. లేచి చూస్తే వాకిలి పొడిగా ఉండేది. గోడ నీడలో మేకపిల్ల ఒకటి నాలుక బయటపెట్టి నిలబడి ఉండేది. "మళ్లీ కల్లో తడిసినావా అవ్వా?" అని మనవరాలు సంతోషి నవ్వేది. బసమ్మ నవ్వకుండా కొంగు తడిమి చూసుకునేది. ఒక్కోసారి ఆ కొంగు చల్లగానే తగిలేది.

వాళ్ల ఊరు గువ్వచేడు. ఆదోని నుంచి ఆలూరు పోయే బస్సు మధ్యలో దిగి, ఆటోలో మరో ఆరు కిలోమీటర్లు ఎగిరెగిరి పడితే వస్తుంది. సగం ఎర్రనేల, సగం నల్లరేగడి, రెంటికీ మధ్య ఏడాదికి నాలుగు రోజులు పారి మిగతా రోజులు ఇసుకగా పడుకునే ఎర్రవంక. ఊళ్లో అందరికీ ఏదో ఒక పేరుంటుంది కదా, బసమ్మకున్న పేరు కొలత. నలభై ఏళ్లు ఆ ఊరి కళ్లాల్లో గింజలు కొలిచిన చెయ్యి అది. నిలువు అంచుల ఇనుప సేరు ఒకటి ఉంది ఆమెకు. దాన్ని అంచు వరకూ నింపి అరచేత్తో గీసెయ్యడం ఆమె చేతికి తెలియదు. పైన గోపురం నిలవాల్సిందే, రెండు గింజలు జారాల్సిందే.

కొలతకు కట్టుబాట్లు ఉన్నాయి. చెప్పులు విడవాలి. తూర్పు ముఖంగా కూర్చోవాలి. మొదటి సేరును ఒకటి అనకూడదు, లాభం అనాలి. అన్నిటికంటే పెద్దది ఇంకొకటి: కొలిచే మనిషి పని ముగించి సేరు బోర్లించేదాకా చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ నోరు మెదపకూడదు. మాట పడితే రాశిలో బరకత్తు, అంటే వృద్ధి, పోతుందని భయం. ఇప్పుడు కళ్లాలు లేవు. పత్తి వచ్చాక గింజలెక్కడివి? పత్తిని మూటలు కట్టి ఆదోని యార్డుకు తోలడమే. కానీ భయాలు పంటల్లా అంత త్వరగా మారవు.

శ్రావణంలో ఒకనాడు ఆ ఊరికి అక్షత వచ్చింది. మంత్రాలయం దగ్గర గుడి సేవ చేసుకునే ఇంటి పిల్ల. ఆదోనిలో గది తీసుకుని, తొమ్మిది ఊళ్లు తిరిగే ఉద్యోగంలో చేరింది. ఆ ఉద్యోగం పేరు చెప్పడానికే ఒక గుక్క సరిపోదు. విడమరిస్తే ఇంతే: వానలు దారి తప్పాయి కాబట్టి, ఉన్న నేలను, నీటిని, మేత బీళ్లను ఇకమీదట ఎలా కాపాడుకోవాలో ప్రతి ఊరూ తన ప్రణాళిక తానే రాసుకోవాలి. ఎక్కడ వాన ఎక్కువ చెడిందో చూసి, తొమ్మిదింటిలో మూడు ఊళ్లలో ఈ ఏడే పని మొదలుపెడతారు. మిగతా ఊళ్లకు మూడేళ్ల తర్వాతే.

గువ్వచేడు అడిగింది ఒక్కటే, ఎర్రవంకకు అడ్డంగా కట్ట. కట్ట పని వస్తే ఆరు నెలలు ఊళ్లోనే కూలి. కూలి ఊళ్లో దొరికితే బసమ్మ కొడుకు లక్ష్మన్న సుగ్గికి పోడు. దీపావళి దాటగానే భార్యాబిడ్డలతో లారీ ఎక్కి, గుంటూరు వైపు మిరపకోతలకు పోవడాన్ని ఈ వైపు సుగ్గి అంటారు. పోయినేడు సంతోషినీ తీసుకుపోయారు. ఎనిమిదో తరగతిలో నాలుగు నెలలు అలా పోయాయి. తిరిగొచ్చాక పిల్ల వేళ్ల మంట తగ్గడానికి నెల పట్టింది. "ఈసారి పోతే ఇంగ బడి లేదవ్వా, నాకు తెలుసు" అన్నది ఒకసారి, ఏడవకుండా. ఏడ్చి ఉంటే బసమ్మ ఏదో ఒకటి చెప్పి ఓదార్చేది. ఏడవలేదు కాబట్టే ఆ మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఊరి వార్డు మెంబరు శేషన్న మేకల మనిషి, నోరు గలవాడు. మొదటి మీటింగులోనే అక్షతతో తేల్చి చెప్పేశాడు. "మండలాఫీసు మీద పెట్టిన వానకొలత మిషను మాటలు మాకొద్దమ్మా. ఆడ కురిస్తే ఈడ కురిసినట్టా? మా వాన సంగతి మేం సెప్తాం, అదే రాసుకోండి." పైవాళ్లు సరేనన్నారు. ఊరి మాటే ఖాయం. ఆ గెలుపుతో శేషన్న వారం రోజులు మీసం మీంచి చెయ్యి తియ్యలేదు.

అందుకే ఆ రోజు బడి వసారాలో నలభైమంది చేరారు. అక్షత ముగ్గుపిండితో నేలమీద రెండు వరసల గళ్లు గీసింది. వరసకు ఏడు. పద్నాలుగు రోజులకో కార్తె చొప్పున వచ్చేవాటిలో ఊరు వానకు ముఖ్యంగా నమ్ముకునే ఏడు కార్తెలు అవి: మృగశిర, ఆరుద్ర, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త. పై వరస బసమ్మ కాపురానికొచ్చిన కాలంది, కింది వరస ఈ అయిదేళ్లది. ఏ కార్తెలో ఎంత వానో దాన్ని బట్టి గళ్లలో గులకరాళ్లు పెట్టమని సంచి విప్పింది.

బసమ్మ ఆ రాళ్ల వంక చూసి మొహం చిట్లించింది. "రాళ్లతో వానను లెక్కపెడతారా యాడన్నా? వాన గింజమ్మా. గింజతోనే కొలవాల. సంతోషీ, నా సేరు పట్రా."

శేషన్న ఇంట్లోంచి జొన్నల మూట వచ్చింది. బసమ్మ చెప్పులు విడిచి, తూర్పు తిరిగి కూర్చుని, మూటలో చెయ్యి పెట్టింది. జొన్నలు చల్లగా ఉన్నాయి. ఆ చలవ మోచేతి దాకా పాకింది. సేరులో గింజలు పడుతుంటే ఆ చప్పుడు, మందమైన ఆ చెవికి అచ్చం మొదటి చినుకుల్లా వినిపించింది. ఆమె కళ్లు మూతలు పడ్డాయి. కొత్త పెళ్లికూతురుగా బండిలో వస్తున్నది తాను. మృగశిర. ఎర్రవంక పొంగి బండి ఇవతలే ఆగిపోయింది. మూడు రోజులు గొర్లకాపరి గుడిసెలో, మొగుడి మొహం సరిగ్గా చూడకుండానే, వాన వింటూ కూర్చుంది. "లాభం" అని మొదటి సేరు మృగశిర గడిలో పోసింది. గోపురం నిలిచింది, రెండు గింజలు జారాయి. ఆరుద్ర, మఖ, పుబ్బ. ఏడు గళ్లలో ఏడు రాసులు.

కింది వరస దగ్గర చెయ్యి ఆగింది. తెలియక కాదు. ఈ అయిదేళ్లు మృగశిర ఎలా మొహం చాటేసిందో ఊరందరి కంటే ఎక్కువగా ఆమెకే తెలుసు. కానీ ఎవరి పేరునా తక్కువ కొలిచిన చెయ్యి కాదది. నలభైమంది ఎదుట మృగశిర పేరు పెట్టి సగం సేరు పోస్తే ఆ తల్లి తల ఎక్కడ పెట్టుకుంటుంది? సిగ్గుపడి ఇక ఈ దిక్కే రాకపోతే? అదీగాక చెవిలో వాన ఇంకా ఆగలేదు. బసమ్మ కళ్లు తెరవకుండానే నిండు సేరు పోసింది, దాని పక్కన ఇంకో నిండు సేరు. మొత్తం పద్నాలుగు గోపురాలు లేచాయి.

పని ముగిసింది కానీ బసమ్మ సేరు బోర్లించలేదు. ఒళ్లో పెట్టుకుని, ఆ వానలోనే ఎక్కడో ఉండిపోయింది.

"ఇది సరేనా? ఈ అయిదేళ్లూ ఇంతేనా?" అని అడిగింది అక్షత. ఎవరూ మాట్లాడలేదు. "అందరూ ఒప్పుకుంటున్నారా?" శేషన్న పెదవులు బిగించి దూలం వైపు చూశాడు. లక్ష్మన్న తల వంచుకున్నాడు. సంతోషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊరంతా ఇంత మర్యాదగా ఒక్క మాట మీద నిలబడడం అక్షత మరే ఊళ్లోనూ చూడలేదు పాపం. సంతోషంగా ఫోటో తీసుకుంది, 'అందరి ఆమోదంతో' అని రాసుకుంది, బస్సు వేళయిందని ఆటో ఎక్కింది. ఆటో దుమ్ము సద్దుమణిగాక గానీ బసమ్మ ఒళ్లోంచి సేరు జారి బోర్లా పడలేదు. అప్పుడు నలభైమందీ ఒక్కసారి నోరు తెరిచారు. అరిచి ఏం లాభం, వినాల్సిన మనిషి వెళ్లిపోయింది.

"పోనీలే" అన్నాడు చివరికి శేషన్న. "సదువుకున్న పిల్ల. ఎండిపోయిన సేన్లు సూసుకుంటానే వచ్చింది గదా. ఆ మాత్రం తెలీదా?"

అలా అనుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. అక్షతకు మాత్రం ఊరి మాటే రాయాలని పైనుంచి ఆదేశం. ఆ ఆదేశం తెచ్చిపెట్టిందీ ఈ శేషన్నే.

నెల తిరిగేసరికి సచివాలయం గోడకు జాబితా అంటించారు. సంతోషి చదివి వచ్చి గుమ్మంలో నిలబడింది. "మన ఊరు తొమ్మిదోది అవ్వా. వానల్లో మార్పు లేదని రాసినారు."

తొమ్మిది ఊళ్లలో తొమ్మిదోది. లక్ష్మన్న కాళ్లు కడుక్కుని, తిని, చెయ్యి కడిగేటప్పుడు భార్యతో నెమ్మదిగా అన్నాడు: "సుగ్గి మేస్త్రీకి ముగ్గురం వస్తామని సెప్పినా." బసమ్మ ముద్ద నోట్లో పెట్టుకోలేక పళ్లెం పక్కకు జరిపింది. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. ఇంట్లో గానీ ఊళ్లో గానీ ఒక్కరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కొలిచిన చెయ్యిని తప్పుపట్టడం వాళ్లకు అలవాటు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఎర్రవంకలోకి నడిచి, తుమ్మచెట్టు నీడలో ఇసుక మీద పడుకుంది. ఎండ తెల్లగా, కదలకుండా ఉంది. అప్పుడు చూసింది, వంక మలుపు తిరిగి ఆడవాళ్లు నడిచొస్తున్నారు. ఏడుగురు. పుట్టింటికి వచ్చే అక్కచెల్లెళ్లలా వరసగా వస్తున్నారు. వాళ్ల అడుగులు ఇసుకలో పడడం లేదు. అందరికంటే ముందున్న పెద్దావిడ, చుట్టుపక్కల మొక్కలు వంగి మొక్కుతుండగా వచ్చి, బసమ్మ ముందు కూర్చుని కొంగు ముడి విప్పింది. అందులో జొన్నలు.

"ఇవి నా పేరున కొలిచినావంటనే బసమ్మా" అన్నది మృగశిర. "నేనియ్యలేదే. నేనియ్యంది నాదని ఎట్ల కొలిచినావు?"

"నీ పరువు కోసమమ్మా" అన్నది బసమ్మ.

"నా పరువు నేను సూసుకుంటా. నేను యాడున్నానో నువ్వే అబద్ధం సెప్తే, రేపు మీరు నన్ను యాడని ఎతుక్కుంటారు?" కోపం లేదు ఆ మాటలో, అలసట ఉంది. ఆరుద్ర ఖాళీ చేతులు చాపి చూపించింది. మఖ, పుబ్బ దూరంగా నిలబడ్డారు, దగ్గరికి రావడానికి మొహం చెల్లనట్టు. అందరికంటే వెనకగా ఒకతె పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు విరబోసుకుని, తడిచీర కాళ్లకు చుట్టుకుని, నెత్తిన మూటల మీద మూటలు. హస్త. నిలబడలేక ఊగుతోంది. "అందరివీ నా నెత్తినే పెట్టినారు. ఒక్కదాన్నే మోయలేకుండా ఉండా. యాడ దించాల్నో సెప్పవా? సెప్పకుంటే ఈడనే పారేసి పోతా."

బసమ్మ ఉలిక్కిపడి లేచింది. వంక ఖాళీ. ఇసుక మీద ఆమె పడుకున్న గుర్తు తప్ప ఇంకే గుర్తూ లేదు. కొంగు తడుముకుంది. ఈసారి పొడిగా ఉంది. చాలాసేపు అక్కడే కూర్చుని ఏడ్చింది ఆమె. ఏడ్చి, ముక్కు చీదుకుని, ఇంటికి పోయి సేరును బూడిదతో తోమింది.

జాబితాపై అభ్యంతరాలు వినడానికి హస్త కార్తెకు ముందురోజు గ్రామసభ పెట్టారు. అదే వసారా, అదే నలభైమంది. అక్షత కాగితాలు చదవబోతుంటే బసమ్మ లేచి చెప్పులు విడిచింది. "ఆగు తల్లీ. ఆ పొద్దు నేను కొలిచింది కొలత కాదు. గళ్లు మళ్లీ గియ్యి, కింది వరస ఒక్కటే."

జొన్నల మూట వచ్చింది. సభ అంతా బిగుసుకుపోయింది. బసమ్మ సేరు నింపింది. గోపురం లేచింది. ఆమె అరచెయ్యి సేరు అంచు మీదికి వచ్చి ఆగింది. ఎన్నడూ చెయ్యని పని. కళ్లు గట్టిగా మూసుకుని గోపురాన్ని గీసేసింది. సగం గింజలు మూటలోకి తిరిగి పోసి, మిగిలింది మృగశిర గడిలో పోసింది. లాభం అనలేదు. ఆరుద్రకు గుప్పెడు. మఖ గడిలో ఖాళీ సేరు ఒకసారి పెట్టి తీసింది, పుబ్బకూ అంతే. ఉత్తరకు రెండు గుప్పెళ్లు. ఇనుము నేలను తాకిన చప్పుడు తప్ప వసారాలో ఇంకేమీ లేదు.

హస్త గడి దగ్గర ఆమె చెయ్యి వేగమందుకుంది. ఒక సేరు, దాని మీద ఇంకొకటి, ఇంకొకటి. జొన్నలు గడి నిండి, ముగ్గు గీతలు దాటి, వాటిని చెరిపేసుకుంటూ వసారా వాలులో జారి, శేషన్న కాళ్ల దాకా పోయాయి. మూట అయిపోయింది. చిత్తకు ఒక్క గింజ మిగల్లేదు. బసమ్మ ఈసారి ఆలస్యం చెయ్యలేదు. సేరు ఠపీమని బోర్లించింది.

ఊరు కట్ట తెగినట్టు మాట్లాడింది. విత్తిన గింజ మాడిపోయిన జూన్ నెలలు, పగిలిన పత్తికాయ తడిసి నల్లబడిన హస్తలు, రెండు రోజుల్లో వచ్చి రెండు గంటల్లో వంకలో కొట్టుకుపోయిన నీళ్లు, అన్నీ ఒకేసారి. "అన్నీ దాని నెత్తినే పెట్టినారమ్మా" అన్నది బసమ్మ, చెదిరిన జొన్నలు చూపిస్తూ. "దించుకునేకి సోటు లేక పారబోసి పోతాంది. ఆ సోటే మేము అడిగేది. మృగశిర వాన నమ్ముకొని పత్తి పెట్టడం కాదు, ఆలస్యంగా కొర్ర ఏసుకుంటాం. ఆ నీళ్లు నిలిపేకి కట్ట కావాల."

అక్షత రాస్తూ రాస్తూ ఆగింది. "మీరు మాట్లాడకపోతే ఒప్పుకున్నారనుకున్నాను అవ్వా. తప్పు నాది కూడా." ఆ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఒకే చెయ్యి వేసిన రెండు కొలతలు పైకి పోతే ఏది నమ్మాలని అడుగుతారు. కట్ట వస్తుందో రాదో తాను మాట ఇవ్వలేదు. కానీ రేపటి నుంచి ఊళ్లోనే రోజూ వాన కొలిచి, ఏడాదిపాటు ఒక్క పొద్దు తప్పకుండా రాస్తే, ఆ పుస్తకాన్ని కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. "నిలువు అంచుల పాత్ర ఒకటి కావాలి. రోజూ పొద్దున రాసే మనిషి ఒకరు కావాలి."

"నేను రాస్తా" అన్నది సంతోషి.

అందరూ లక్ష్మన్న వైపు చూశారు. అతను నేల మీది జొన్నలు చూస్తున్నాడు. "ప్రతి దినమూ ఉండాల్నా? సుగ్గి నెలల్లో కూడానా?"

"ప్రతి రోజూ" అన్నది అక్షత.

అతను తల ఎత్తాడు. "సరే. మేస్త్రీకి ఇద్దరమే అని సెప్తాలే." ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో బసమ్మకు తెలుసు. కోతల్లో ఒక మనిషి తగ్గడం చిన్న విషయం కాదు. ఆమె లేచి సేరును రెండు చేతులతో సంతోషికి ఇచ్చింది. "ఇంగ దీంతో గింజ కొలవను. నువ్వు దీంట్లో ఉన్నదే రాయి. నా మాదిరి కలిపి రాయొద్దు."

బడి ప్రహరీ మూలన, చెట్టు నీడ పడని చోట, సేరును సిమెంటుతో చేసిన గుంటలో నిలబెట్టారు. మొదటి పొద్దు సున్నా. రెండో పొద్దు సున్నా. రోజూ పొద్దునే బసమ్మ కూడా పోయి నిలబడేది. సంతోషి సున్నా చుడుతుంటే ఆమె ఖాళీ సేరులోకి ఇంకోసారి వంగి చూసేది. అయినా కలిపి రాయమనలేదు. తొమ్మిది సున్నాలు అలా చూసింది.

పదో తెల్లవారుజామున రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి, తర్వాత దడదడా. బసమ్మ కదలకుండా పడుకుని, కలే కదా అనుకుంది. దూరంగా ఎర్రవంక హోరు వినబడింది. అలవాటుగా కొంగు తడుముకుంది. పిండితే నీళ్లు కారేలా ఉంది. రేకుల సందులోంచి ఒక ధార సరిగ్గా ఆమె మంచం మీదే పడుతోంది.

వాన వెలిశాక అవ్వా మనవరాలూ బురదలో పడుతూ లేస్తూ బడి దగ్గరికి పోయారు. సేరులో నాలుగు వేళ్ల ఎత్తున నీళ్లున్నాయి. బసమ్మ వంగి చూసింది. గోపురం లేదు. ఎవరూ గీయకుండానే నీళ్లు తమంతట తామే సమంగా నిలబడి ఉన్నాయి, వాటిలో తెల్లారుతున్న ఆకాశం ఉంది. ఆమె చెప్పులు విడిచి తూర్పుకు తిరిగింది.

"లాభం" అన్నది.

ఏదో చెప్పబోయిన సంతోషి గబుక్కున నోరు మూసుకుంది. స్కేలు ముంచి చూసింది. డెబ్బై ఒక్క మిల్లీమీటర్లు అని పుస్తకంలో రాసింది. సేరు పైకి తీసి, నీళ్లు వంపి, జాగ్రత్తగా బోర్లించింది. అప్పుడు అడిగింది.

"ఇంగ మాట్లాడొచ్చా అవ్వా?"

"మాట్లాడు తల్లీ" అన్నది బసమ్మ, తడికొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "గట్టిగా మాట్లాడు."